గెలిస్తే ‘నేను’, ఓడితే ‘వీడు’: వీడియో గేముల విశ్లేషణపై అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధివాళ్లకు నా పనేమిటో చెప్పడం ఇప్పటికీ కష్టమే. “ఆటలు ఆడి, వాటి గురించి రాస్తాను” అంటే “అదీ ఒక పనేనా మాస్టారూ?” అని ముఖం మీదే అడిగేస్తారు. చిన్న చిన్న బృందాలు గేములు తయారుచేసి, బయటకు వదిలే ముందు నాకు పంపిస్తాయి. నేను ఆడతాను, ఇంకొకరి చేత ఆడిస్తాను. ఆట ఎక్కడ సాఫీగా సాగుతోంది, ఎక్కడ కుంటుతోంది, కథ చెప్పేదానికీ చెయ్యి చేసేదానికీ పొత్తు కుదిరిందా లేదా అని నివేదిక రాసి ఇస్తాను. ఆదివారాలు మా అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలు చేరతారు. వాళ్లకూ ఇదే పని నేర్పుతున్నాను. ఆ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఒక్కోసారి గేములు తయారుచేసేవాళ్లు కూడా పదే పదే అనే మాటలు కొన్ని ఉన్నాయి. విడివిడిగా జవాబు చెప్పి అలసిపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: విశ్లేషణ అంటే ఆట బాగుందో లేదో చెప్పి, ఐదింటికి ఇన్ని నక్షత్రాలు వేయడం.

నక్షత్రాలు కొనేవాడికి పనికొస్తాయి, తయారుచేసినవాడికి కాదు. కూర బాగోలేదంటే వండినవాళ్లకు తెలిసేది ఏమీ లేదు. పోపు మాడిందంటే తెలుస్తుంది. నా నివేదిక మొదటి పేజీలో ఒక్క ప్రశ్నకే జవాబు ఉంటుంది: ఈ ఆట నా చేత ఏమి చేయిస్తోంది? దూకడం, దాక్కోవడం, ఏరుకోవడం, ఆగి వినడం, లెక్క చూసుకోవడం. పేజీ నిండా క్రియలే. మా పిల్లల కాగితాల్లో ‘అద్భుతం’, ‘ఉత్కంఠభరితం’ కనిపిస్తే ఇంకేమీ చదవకుండా వెనక్కి ఇచ్చేస్తాను.

ఒకసారి నాకు వచ్చిన గేము పరిచయంలో ‘స్నేహం గురించిన కథ’ అని రాసి ఉంది. క్రియలు రాసుకుంటూ పోతే నలభై నిమిషాల పాటు కొట్టడం, పగలగొట్టడం తప్ప మరొకటి తేలలేదు. స్నేహితుడు వెనకాల నడుస్తూ ఉన్నాడు, అంతే. వాడికి దెబ్బ తగలదు, ఆకలి వేయదు, వాడితో నాకు పని పడదు. నివేదికలో అదే రాశాను. వాళ్లు నొచ్చుకున్నారు. తర్వాత పంపిన రూపంలో ఆ స్నేహితుడు చెయ్యి అందిస్తే తప్ప ఎక్కలేని గోడలు వచ్చాయి.

అపోహ: జానర్ తెలిస్తే ఆట సగం తెలిసినట్టే.

సినిమా జానర్ మనసుకు ఏమవుతుందో చెబుతుంది: నవ్వు, భయం, ప్రేమ. గేముల జానర్ చాలావరకు చేతికి ఏమవుతుందో చెబుతుంది: కాల్చడం, పందెంలో పరుగెత్తడం, ముక్కలు అమర్చడం. అదీ నిలకడగా ఉండదు. 1993లో డూమ్ అనే కాల్పుల ఆట వచ్చాక, అలాంటి ఆటలను కొన్నేళ్ల పాటు డూమ్ నకళ్లు అనే పిలిచారు. ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే పాత్ర కళ్లతోనే చూస్తూ కాల్చే ఆట, అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాతే. 1980 నాటి రోగ్ అనే ఆటను బట్టి రోగ్‌లైక్ అని ఒక జాతికే పేరు వచ్చింది. అంటే కొన్ని పేర్లు చేసే పనిని బట్టి, కొన్ని కెమెరా ఎక్కడుందో దాన్ని బట్టి, కొన్ని తాతగారి ఇంటిపేరును బట్టి వచ్చాయి. ఇంటిపేరు విని మనిషి గుణం చెప్పేస్తామా?

అలాగని జానర్‌ను పారేయనక్కరలేదు. అది ఆట మనకు ఇచ్చే మాట. పందెం గేము తెరవగానే బొటనవేలు వేగానికి సిద్ధమైపోతుంది. ఆ మాటను ఆట ఎక్కడ నిలబెట్టుకుంది, ఎక్కడ కావాలనే తప్పింది, తప్పినందుకు మనకు దక్కింది ఏమిటి? రాయవలసింది అది.

అపోహ: గేములో కథ అంటే మధ్యమధ్య వచ్చే వీడియోలు, పాత్రల సంభాషణలు.

అన్నిటికన్నా మొండిది ఇదే. గేములు తయారుచేసేవాళ్లలోనూ ఉంది.

ముందు వైకుంఠపాళి తీసుకోండి. ఒక్క సంభాషణ లేదు. ఆడేవాడికి ఎంపిక కూడా లేదు, పందెం ఎంత పడితే అన్ని గళ్లు. అయినా ఆట ముగిశాక “ఇంకో రెండు గళ్లే, పెద్ద పాము మింగేసింది” అని ఇంటిల్లిపాదికీ చెప్పుకుంటాం. నీ చేతిలో ఏమీ లేదు అన్నదే ఆ ఆట కథ. దాన్ని బొమ్మల కన్నా ముందు నియమం చెబుతుంది. ‘పాము దగ్గర ఆగాలా వద్దా’ అని ఆడేవాడిని అడిగి ఉంటే ఆ కథ అక్కడే చచ్చిపోయేది.

ఇప్పుడు 2013లో లూకస్ పోప్ చేసిన ‘పేపర్స్, ప్లీజ్’. ఆర్‌స్టాట్జ్‌కా అనే ఊహా దేశపు సరిహద్దు గదిలో మనం తనిఖీ ఉద్యోగి. వరసలో వచ్చినవాళ్ల పాస్‌పోర్టును మిగతా పత్రాలతో పోల్చి చూసి ముద్ర వేయాలి. మనిషికి 5 చొప్పున సంపాదన. రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో సరి, మూడో తప్పు నుంచి కోత. సాయంత్రం ఆ డబ్బుతోనే అద్దె, తిండి, చలికాచుకునే ఖర్చు. చాలకపోతే ఇంట్లోవాళ్లు జబ్బుపడతారు.

ఒక రోజు ఒకాయన కాగితాలన్నీ సక్రమంగా ఉండి దాటిపోతూ, వెనకాల తన భార్య వస్తోందని, కాస్త దయ చూడమని అడుగుతాడు. ఆమె వస్తుంది. ప్రవేశ పత్రం లేదు. ఇక్కడ ఆట ఆపి పిల్లల్ని అడుగుతాను, ఏమి చేస్తారని. జాలి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎక్కువమంది నన్నే తిరిగి అడుగుతారు: “ఇవాళ ఇప్పటికి ఎన్ని తప్పులయ్యాయి మాస్టారూ?”

ఆ రెండు హెచ్చరికలు ఉండబట్టే దయకు ధర ఏర్పడింది. రోజుకు రెండు దయలు ఉచితం, మూడోది ఇంట్లో పొయ్యి మీంచి తీయాలి. ఈ మాట ఏ పాత్రా అనలేదు, కోత లెక్క అంది. మేజా ఇరుకుగా ఉండటం కూడా కథే. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడి, వెతుక్కునేలోగా గడియారం తిరిగిపోతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి మీద విసుగు పుడుతుంది. ఆ విసుగు పాత్రది కాదు, నాది.

మాకు ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరం. ఆటో ఎక్కి ఇంటి కబుర్లు ముగిసేలోగా రాష్ట్రం మారిపోతుంది. పెళ్లికో, బజారుకో వెళ్లి వచ్చేస్తాం, ఎవరూ ఏమీ అడగరు. 2020 లాక్‌డౌన్‌లో మాత్రం దారికి అడ్డం పెట్టారు. మా పిన్ని మందుల కోసం అనుమతి కాగితం పట్టుకుని అక్కడ నిలబడ్డాను. కుర్చీలో ఉన్నాయన నా ముఖం చూడలేదు, తేదీ చూశాడు. కోపం రావలసింది, రాలేదు. ఆయన మేజా వైపే చూస్తున్నాను. చాలా చిన్నది.

‘పేపర్స్, ప్లీజ్’ వచ్చిన 2013లోనే వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ ముగింపు చెప్పేస్తున్నాను, ఆడనివారు ఈ పేరా దాటేయండి. కంట్రోలర్ ఎడమవైపు అన్నయ్యది, కుడివైపు తమ్ముడిది. తమ్ముడికి నీళ్లంటే భయం, అన్నయ్య వీపున పట్టుకుని దాటతాడు. అన్నయ్య చనిపోతాడు. ఎడమచేతికి పని పోతుంది. తర్వాత నీళ్లు అడ్డం వస్తాయి. తమ్ముడి మీట నొక్కితే వాడు కదలడు. చివరికి, ఎప్పటినుంచో ఊరికే ఉన్న అన్నయ్య మీటను మన ఎడమచెయ్యి నొక్కుతుంది, తమ్ముడు ఈదుతాడు. వీడియోలో చూసినవాడికి ఇది ఒక పిల్లవాడు ఏరు దాటడం మాత్రమే. అందుకే మా పిల్లలకు ‘చూసి రాయడం’ నిషేధం.

కథ ఒకటి చెబుతూ నియమాలు ఇంకొకటి చేయిస్తే దానికీ ఒక పేరుంది. 2007లో బయోషాక్ అనే గేము గురించి రాస్తూ క్లింట్ హాకింగ్ అనే గేము రూపకర్త ‘లూడోనరేటివ్ డిసొనెన్స్’ అని ఆ పేరు పెట్టాడు. ఆ పేరు పలకడానికే నోరు తిరగదు. మేము ‘చెప్పేదొకటి, చేయించేదొకటి’ అని రాసుకుంటాం, పని జరిగిపోతోంది.

అపోహ: పాత్ర అంటే పేరు, ముఖం, గతం.

1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లో మన వెంటపడే నాలుగు దెయ్యాలు. ఒకే ఆకారం, రంగులు వేరు. నోరు విప్పవు. తోరు ఇవాతాని బృందం వాటికి ఇచ్చిన స్వభావమంతా నడకలోనే ఉంది. ఎర్రది మనం ఉన్న గడి మీదకే వస్తుంది. గులాబీది మనకన్నా నాలుగు గళ్లు ముందుకు గురిపెట్టి, మలుపులో కాపు కాస్తుంది. ఒకటి తరిమేది, ఒకటి మాటు వేసేది. నారింజ రంగుది వేరే రకం, దాని సంగతి తర్వాత.

పులిజూదం కూడా అంతే. 3 పులులు, 15 మేకలు. మేకకు పేరు లేదు, దూకే శక్తి లేదు. ఒంటిదాన్ని పులి దాటి తినేస్తుంది. పక్కన తోడుంటే దాటలేదు. ఆడి లేచాక మేక ఎలాంటిదో మీరే చెప్పగలరు.

ఇక ఆడేవాడి చేతిలోని పాత్ర. దీన్ని పట్టుకోవడానికి నేను కనిపెట్టుకున్న చిట్కా ఒకటుంది. పిల్లలు ఆడుతుంటే తెర చూడను, మాట వింటాను. “దూకాను... తప్పించుకున్నాను... తాళం తీశాను...” అంటూ సాగుతుంది. గోతిలో పడగానే “వీడు దూకడం లేదు మాస్టారూ!” గెలిస్తే నేను, ఓడితే వీడు. నవ్వొస్తుంది గానీ నా నోటుపుస్తకంలో అంతకన్నా విలువైన గీత లేదు. ‘నేను’ ‘వీడు’గా మారిన ప్రతిచోటా నిమిషం, సెకను వేసుకుంటాను. తర్వాత వెనక్కి వెళ్లి చూస్తే మీట నొక్కాక ఆట ఆలస్యంగా స్పందించి ఉంటుంది, లేదా ఆటే పాత్రను మన చేతిలోంచి లాక్కుని తనకు నచ్చిన పని చేయించి ఉంటుంది, లేదా పిల్లవాడు తన తప్పుకు నెపం వెతుక్కుని ఉంటాడు. మూడోదే ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఐదుగురు పిల్లలు ఒకే గోతి దగ్గర ‘వీడు’ అన్నారంటే తప్పు పిల్లలది కాదు.

ఇందులో మన భాషకు ఒక వెసులుబాటు ఉంది. ‘దూకాను’కు ఆడామగా తేడా లేదు. ఆడపాత్రతో ఆడే కుర్రాడు ‘దూకాను’ అన్నంతసేపూ ఆ తేడా నోట్లోకి రాదు. అలిగి “ఈమె ఒకతి” అన్నప్పుడే తెర మీద ఎవరున్నారో అతనికి గుర్తొస్తుంది. ఒడియాలోనూ అంతే. హిందీలో ఆడేవాడు ‘కూదా’ అనాలో ‘కూదీ’ అనాలో తేల్చుకోక తప్పదు.

అపోహ: ఆటలో దిట్ట అయినవాడే మంచి విశ్లేషకుడు.

దిట్టకు చాలా విషయాలు కనిపించవు. అలవాటైన మెట్టు కాలికి తెలుస్తుంది గానీ కంటికి కాదు.

నా దగ్గరున్న విశ్లేషకుల్లో మా పిన్ని ఒకరు, అరవై దాటాయి. 1985 నాటి సూపర్ మారియో మొదటి లెవెల్ ఆడమని ఇచ్చాను. ఎదురుగా గోధుమరంగు పుట్టగొడుగు లాంటిది నడిచొచ్చింది. ఆవిడ దాని దగ్గరకే నడిచింది, చచ్చిపోయింది. “ఇదేమిట్రా, పలకరించబోతే చంపేసింది!” రెండోసారి దూకింది. ప్రశ్న గుర్తు పెట్టెను తలతో కొడితే ఈసారి నిజంగానే పుట్టగొడుగు వచ్చింది. అది మేలు చేసేది, ఆవిడకు తెలియదు, ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా, వెనక్కి తగ్గింది. పుట్టగొడుగు కుడివైపు జారి, గొట్టానికి తగిలి, తిరిగొచ్చి ఆవిడనే చేరింది. మారియో పెద్దవాడయ్యాడు. “ఓహో, ఇది మంచిదన్నమాట” అంది.

ఆ గొట్టం అక్కడ ఉన్నది అందుకే. భయపడి తప్పించుకునేవాళ్లకు కూడా మేలు తగిలేలా చేశామని రూపకర్త మియమోతోనే వివరించాడు. నేను ఆ లెవెల్ ఎన్ని వందలసార్లు దాటానో. గొట్టాన్ని ఎప్పుడూ గొట్టంగానే చూశాను.

అపోహ: ఆటలో ఉన్నదంతా తయారుచేసినవారు ముందే అనుకున్నది.

1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. గుండె దడదడలాడించే ఆ వేగం ఎవరూ వేసిన పథకం కాదు. 55 బొమ్మలు గీయడానికి ఆ యంత్రానికి సమయం పట్టేది, తగ్గితే త్వరగా గీసేది. ఆ ఆట రూపకర్త నిషికాదో అది గమనించి, బాగుందని అలాగే ఉంచేశాడు. ఉద్దేశం వెతకడం కన్నా ఫలితం రాయడం మేలు.

అపోహ: ఫోనులో ఆట అంటే డబ్బులు పోగొట్టుకోవడమే.

తల్లిదండ్రుల భయం ఇది, ఉత్తి భయం కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌నూ సరదా ఆటలనూ వేరుగా చూసింది. డబ్బు కాసే ఆటలకు నేను నివేదికలు రాయను, చట్టం రాకముందూ రాయలేదు.

అపోహ: ఇదంతా తెలుగులో కుదరదు, అందులోనూ ఒడిశాలో కూర్చుని.

గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఈ మాట వినవలసి రావడం నా ఖర్మ. జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన వాదించారు, సవరల భాష నేర్చుకుని దాని మీద పని చేశారు. మా పిల్లలు లెవెల్, బాస్, స్కోరు అంటారు. మేమూ అవే రాస్తాం. గేమ్‌ప్లేను ‘ఆడే తీరు’ అంటే అందరికీ అర్థమైంది, ఉంచేశాం. కథనానికి కొత్త మాట అక్కరలేదు.

అసలు చిక్కు మాటలతో కాదు, లిపితో. ఒడియా బడిలో చదివే పిల్లలకు ఇంట్లో తెలుగు నోటినిండా ఉంటుంది, రాయబోతే అక్షరాలు రావు. వాళ్లలో ఒకడు ఆరో తరగతి. పోయిన ఆదివారం ప్యాక్‌మ్యాన్ మీద వాడు ఇచ్చిన కాగితం తెలుగు మాటలతో, ఒడియా అక్షరాలతో ఉంది. నాలుగే వాక్యాలు. నేను పిల్లలకు ఎర్రది, గులాబీది చెప్పాను గానీ నారింజ దెయ్యం గురించి చెప్పలేదు. అది దూరంగా ఉన్నంతసేపూ మన మీదకు వస్తుంది, 8 గళ్ల లోపలికి చేరితే తన మూలకు మళ్లుతుంది. వాడు గళ్లు లెక్కపెట్టలేదు. ఇలా రాశాడు:

“నారింజ దెయ్యం మీదకి నేనే వెళ్లాను. అది తిరిగి మూలకి పోయింది. నేను దూరం వెళ్తే మళ్లీ వెంటపడింది. మా వీధి కుక్క కూడా ఇంతే.”