డెయిరీ మేడ మీద గుడ్డ గొట్టం

పిల్లలూ,

వేసవి సెలవుల్లో మీరొకటి అడిగారు, గుర్తుందా? "ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు కదా తాతా, మరి ఫ్యాక్టరీల్లో గ్యాస్ ఎందుకు లీకవుతుంది?" అని. తోతాపురి కోతల హడావుడిలో పడి దాటేశాను.

చిత్తూరు దగ్గర ఒక పాల డెయిరీలో, కంప్రెసర్ రూములో నేను చాలా ఏళ్లు పనిచేశాను. పాలు చల్లబరిచేది అమ్మోనియాతో. ఇన్‌స్పెక్షన్ సంగతి మాకు వారం ముందే తెలిసిపోయేది, పైపులకు కొత్త రంగు పడేది, బీరువాలో మాస్కులు బయటికొచ్చేవి (వాటి డబ్బాల మీద గడువు ఎప్పుడో దాటిపోయి ఉండేదనుకోండి), ఇన్‌స్పెక్టర్ టీ తాగి రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లగానే అన్నీ మళ్లీ బీరువాలోకి, తాళంచెవి మేనేజర్ జేబులోకి.

అట్లని చట్టం ఉత్తదే అనను. ఒక ఇన్‌స్పెక్టర్ మాత్రం పట్టుబట్టి మేడ మీద విండ్‌సాక్ కట్టించాడు, అదే, గాలి ఎటు వీస్తే అటు లేచే నారింజరంగు గుడ్డ గొట్టం. ఒక తెల్లవారుజామున వాల్వు దగ్గర లీకైంది. కళ్లు భగ్గున మండాయి. తువ్వాలు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకి చూస్తే గుడ్డ తూర్పుకు లేచి ఉంది, గాలికి అడ్డంగా ఉత్తరం గేటు వైపు పరిగెత్తి బతికాం. తూర్పు గోడ అవతల కాలనీ ఉంది. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ గుడ్డను అక్కడి పిల్లలు గుడి జెండా అనుకునేవాళ్లట!

భోపాల్ ఘోరం 1984లో జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చి, ప్రమాదకరమైన పని చేసే ఫ్యాక్టరీ చుట్టుపక్కల జనానికి కూడా ఆ ప్రమాదమేంటో చెప్పాలన్నారు. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల రూల్స్‌లో బయటి జనాన్ని కాపాడే ప్లాన్ జిల్లా యంత్రాంగం తయారుచేయాలని ఉంది, కానీ అది పదుల టన్నుల అమ్మోనియా దాచేవాళ్ల సంగతి, రెండు మూడు టన్నుల డెయిరీ ఆ లెక్కలోకే రాదు. పెద్ద ఫ్యాక్టరీ అయినా అంతేలెండి, 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి లీకై 12 మంది పోయారు, ఆ రాత్రి సైరన్ మోగనేలేదు. అదే ఏడాది ఆగస్టులో మన పూతలపట్టు దగ్గర ఒక డెయిరీలో అమ్మోనియా లీకై పనివాళ్లు ఆసుపత్రిపాలయ్యారు.

దసరాకు రండి. మిమ్మల్ని ఆ కాలనీ సందులో నిలబెడతాను. గుడ్డ ఎటు లేచిందో చూసి ఎటు పరిగెత్తాలో నాకు చెప్పాలి. అక్కడి పిల్లల్ని కూడా పిలుద్దాం.

మీ తాత