పదిహేను గోల్స్‌తో ఓడిన జట్టు: అపోహలు - వాస్తవాలు

మూతపడిన క్రీడా జట్ల రికార్డులు సర్దడం నా పని. తేదీలు, గోల్స్, ఆటగాళ్ల పేర్లు పాత పత్రికల్లోంచి, పోటీల పట్టికల్లోంచి ఏరి, ఒకదానితో ఒకటి సరిచూసి ఒకచోట చేర్చాలి. బతికున్న జట్టు లెక్కలో అంకె తప్పితే అభిమానులు మర్నాటికల్లా నిలదీస్తారు. లేని జట్టు తరఫున అడిగేవారు ఉండరు కాబట్టి తప్పులు తరాల తరబడి అలాగే ఉండిపోతాయి.

నాకు బాగా ఇష్టమైన లెక్క 1930ల నాటి లిథువేనియా ఐస్ హాకీ జాతీయ జట్టుది. 1932లో తొలి అంతర్జాతీయ మ్యాచ్, 1938లో ఒకే ఒక్క ప్రపంచ చాంపియన్‌షిప్, 1940 వచ్చేసరికి దేశానికే స్వాతంత్ర్యం లేదు. ఇంత చిన్న బతుకు చుట్టూ కూడా అపోహలు బాగానే పోగయ్యాయి.

అపోహ: లిథువేనియాకు ఈ ఆట నేర్పింది సోవియట్ వాళ్లే.

వాస్తవం: వరస తిరగబడింది. 1932 ఫిబ్రవరి 27న రీగాలో లాత్వియాతో ఆడి లిథువేనియా 0-3తో ఓడింది. అప్పటికి సోవియట్ యూనియన్‌లో హాకీ అంటే పెద్ద మంచు మైదానం మీద బంతితో ఆడే బ్యాండీ. పక్ అనే రబ్బరు బిళ్లతో ఆడే ఆటను అక్కడ ‘కెనడియన్ హాకీ’ అనేవారు. దానికి దేశవ్యాప్త చాంపియన్‌షిప్ మొదలైంది 1946 డిసెంబరులో. ఆ తొలి పోటీలో రీగా, టాలిన్ జట్లతో పాటు లిథువేనియా నగరం కౌనాస్ జట్టు కూడా ఉంది. అంటే ఆట తెలిసిన ఊళ్లను కలుపుకుని సోవియట్ లీగ్ మొదలైంది.

అపోహ: స్విట్జర్లాండ్ చేతిలో 0-15తో ఓడిన జట్టు గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది?

వాస్తవం: ఈ ప్రశ్న వేసేవారు ఆ ఒక్క అంకె చూసి పుస్తకం మూసేస్తారు. 1938 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో ఆ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలు జరిగిన ష్ట్వానిత్సే మైదానంలో 1931 నుంచే యంత్రాలతో గడ్డకట్టించిన మంచు ఉంది. లిథువేనియాలో అలాంటి మైదానం ఒక్కటీ లేదు. చలి ముదిరితే సాధన, ఎండ కాస్తే సెలవు. సహజమైన మంచు మీద స్కేటు కింద గరుకు, పగుళ్లు, మెత్తబడిన చోట్లు తగులుతాయి, పక్ ఎగిరి ఎటో పోతుంది. యంత్రపు మంచు మీద అదే పక్ అద్దం మీద జారినట్టు దూసుకుపోతుంది. ఏటా నెలల తరబడి అలాంటి మంచు మీద ఆడేవారికి, వాతావరణం దయ మీద ఆడేవారికి ఉన్న దూరమే ఆ పదిహేను గోల్స్. అదే పోటీలో రొమేనియాను లిథువేనియా 1-0తో ఓడించింది. ఈ సంగతి మాత్రం ఎవరూ నన్ను అడగరు.

అపోహ: పోలండ్‌తో సంబంధాలే లేనప్పుడు ఆ రెండు జట్లు ఆడి ఉండవు. ఆ పట్టిక తప్పు.

వాస్తవం: ఆడాయి. పోలండ్ 8-1తో గెలిచింది. ఈ అనుమానం చదువుకున్నవారికే వస్తుంది, అందులో న్యాయం కూడా ఉంది. 1920 అక్టోబరులో విల్నియస్‌ను పోలిష్ సేనలు పట్టుకున్నాయి. ఆ నగరం తమ రాజధానే అన్న మాట లిథువేనియా వదులుకోలేదు. ప్రభుత్వం కౌనాస్‌లో కూర్చుని దాన్ని ‘తాత్కాలిక రాజధాని’ అని పిలిచింది. పద్దెనిమిదేళ్ల దాకా రాయబారులు లేరు, సరిహద్దు మూసే ఉంది. అలాంటి రెండు దేశాల జట్లు ప్రాగ్‌లో ఒకే గ్రూపులో పడి, ఒకే మంచు మీదకు దిగాయి.

తర్వాతి నెల క్యాలెండరు చూడండి. మార్చి 11న సరిహద్దు దగ్గర ఒక పోలిష్ సైనికుడు చనిపోయాడు. 17న పోలండ్ హెచ్చరిక పంపింది: దౌత్య సంబంధాలకు 48 గంటల్లో ఒప్పుకోవాలి. 19న లిథువేనియా తలొగ్గింది. ఆ మ్యాచ్ సరిగ్గా ఈ గొడవకు ముందరి నెలలో జరిగింది. స్కోరు పట్టికలో ఇదేదీ కనబడదు, ఒక 8, ఒక 1, మధ్యన చిన్న గీత. అందుకే నేను ప్రతి పాత మ్యాచ్ పక్కన ఆ వారం పత్రికల మొదటి పేజీలో ఏముందో పెన్సిల్‌తో రాసిపెట్టుకుంటాను. పని రెట్టింపవుతుంది కానీ చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి.

అపోహ: అంతర్జాతీయ సమాఖ్యలో లిథువేనియా చేరిన తేదీ 1938 ఫిబ్రవరి 19. పోటీ మొదలైంది 11న. కాబట్టి రెండింట్లో ఒక తేదీ అచ్చుతప్పు.

వాస్తవం: రెండూ సరైనవే. పోటీ 20న ముగిసింది. ఆ రోజుల్లో సమాఖ్య సమావేశాలు పోటీలు జరిగే చోటే, ఆ రోజుల్లోనే పెట్టుకునేవారు. ముందు ఆడించి, వెనక సంతకాలు చేయడం అప్పట్లో వింతేమీ కాదు.

తప్పులు దొర్లేది తేదీల్లో కన్నా పేర్లలోనే ఎక్కువ. పోలిష్ రాతల్లో ‘కోవ్నో’, లిథువేనియన్‌లో ‘కౌనాస్’, రెండూ ఒకటే ఊరు. పనిలో చేరిన కొత్తలో ఒకే మ్యాచ్‌ను నేను రెండు ఊళ్లలో రెండుసార్లు ఎక్కించాను. ఆటగాళ్ల పేర్లూ అంతే. లిథువేనియన్‌లో మగవారి పేరు చివర ‘అస్’, ‘ఇస్’ లాంటివి చేరతాయి, వేరే భాషలో అవి ఊడిపోతాయి. అమెరికా నుంచి వచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగాడు ఫ్రాంక్ లూబిన్ కౌనాస్‌లో ప్రానస్ లూబినస్ అయ్యాడు. అంత పేరున్నవాడు కాబట్టి అందరికీ తెలుసు. ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడి తప్పుకున్న హాకీ ఆటగాడు మాత్రం పట్టికలో ఇద్దరు మనుషులై కూర్చుంటాడు.

అపోహ: చలి దేశం కాబట్టి హాకీయే అక్కడ ప్రాణం అయ్యుండాలి.

వాస్తవం: ఆ స్థానం బాస్కెట్‌బాల్‌ది. 1937లో రీగాలో యూరప్ కిరీటం గెలిచి, 1939లో సొంతగడ్డపై మళ్లీ గెలిచారు. ఆ పోటీ కోసం కౌనాస్‌లో కొత్త క్రీడా భవనం కట్టారు. లాత్వియాపై 37-36 అన్న స్కోరు ఈనాటికీ అక్కడ చెప్పుకుంటారు. హాకీకి యంత్రపు మంచు అందనిది అలాంటి రోజుల్లోనే.

అపోహ: ఓటములకు విసిగి జట్టును రద్దు చేశారు.

వాస్తవం: 1939లో యుద్ధం వచ్చింది. 1940 జూన్‌లో సోవియట్ సేనలు లిథువేనియాను ఆక్రమించాయి. జాతీయ జట్టును ఎవరూ రద్దు చేయనక్కరలేదు, అది ఆడాల్సిన జెండాయే దిగిపోయింది. సమాఖ్యలో మళ్లీ సభ్యత్వం 1992లో దొరికింది. ఆ నడిమి కాలంలో అక్కడి ఆటగాళ్లు వేరే రంగు చొక్కాలు తొడిగారు. విద్యుత్ కేంద్రం కోసం కట్టిన ఊరు ఎలెక్‌ట్రెనాయ్‌లో పుట్టిన దారియుస్ కాస్పరాయ్‌టిస్ 1992 ఒలింపిక్ స్వర్ణం పాత సోవియట్ రిపబ్లిక్‌ల ఉమ్మడి జట్టు తరఫున గెలిచాడు. ఫ్రాన్స్‌లోని ఆల్బెర్‌విల్‌లో జరిగిన అదే క్రీడల్లో లిథువేనియా తన సొంత జెండాతో నడిచింది.

మా రికార్డు ఫారంలో ‘రద్దుకు కారణం’ అని ఒక గడి ఉంటుంది. నిధుల లేమి, విలీనం, బహిష్కరణ, ఇతరములు. ఈ జట్టు దగ్గర ఆ గడిని ఖాళీగా వదిలేశాను. ప్రపంచ చాంపియన్‌షిప్‌ల పట్టికలో 1938 వరస కింద తొంభైల దాకా ఏమీ లేదు. ఆ తర్వాతి వరసల్లో 2018 ఏప్రిల్ ఉంది: కౌనాస్ జల్గిరిస్ అరెనాలో ప్రపంచ చాంపియన్‌షిప్ డివిజన్ వన్-బి పోటీ, లిథువేనియాకు మొదటి స్థానం, పై విభాగానికి ప్రమోషన్. ఆటగాళ్ల జాబితాలో కాస్పరాయ్‌టిస్ పేరుంది, వయసు 45.