మంట కోసం కాచుకునే కాయ

చూడగానే ఎవరో కాల్చి పారేసిన మొక్కజొన్న పొత్తు అనుకుంటాం. బూడిదరంగు, గరుకైన ఒళ్ళు, అక్కడక్కడా బిగించిన పెదవుల్లాంటి ఉబ్బులు. గోటితో గీకితే ఊడవు, కత్తికి కూడా ఓ పట్టాన లొంగవు. ఇది బ్యాంక్సియా ఎరిసిఫోలియా అనే ఆస్ట్రేలియా పొద కాయగుత్తి. ఒక్కో పెదవుల జత ఒక్కో కాయ. లోపల మామూలుగా రెండేసి గింజలు, పల్చటి రెక్కలతో, ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటాయి. అడవి ఎప్పుడంటుకుంటుందా అని!

మంట తగిలితే కాయ మూతికున్న జిగురు కరిగి నోరు తెరుచుకుంటుంది. చెక్కలాంటి మందపాటి గోడ ఉండబట్టి లోపలి గింజ కాలదు. తల్లి మొక్క మాత్రం దక్కదు. కాలిన మోడు నుంచి మళ్ళీ చిగురించే జాతి కాదిది. గింజలు రాలేది బూడిద మీద. పైన నీడ లేదు, పక్కన పోటీ లేదు. చిక్కల్లా మంట మరీ త్వరగా తిరిగొస్తేనే. పిల్ల మొక్కలు పూతకొచ్చి కాయలు కట్టడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆలోపే మళ్ళీ తగలబడితే ఆ చోట వంశం ఆగిపోయినట్టే.

1770లో ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ ఓడలో వచ్చిన వృక్షశాస్త్రవేత్తలు జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ ఇప్పటి సిడ్నీ దగ్గర దీని కొమ్మలు సేకరించారు. వాళ్ళు పోగేసిన మొక్కల వల్లే ఆ తీరానికి బోటనీ బే అని పేరొచ్చింది. 1782లో, మొక్కలకు శాస్త్రీయ నామాల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కొడుకు, ఈ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) బ్యాంక్స్ పేరు పెట్టాడు. అక్కడి ఆదివాసులకు ఆ పరిచయాలేవీ అక్కర్లేదు. బ్యాంక్సియా పూలను నీళ్ళలో నానేసి తియ్యటి పానీయం చేసుకునేవాళ్ళు.

పువ్వు అంటున్నాం గానీ, అది వందల చిన్న పూలు వరసలు కట్టిన నారింజరంగు కంకి. ఒక్కో పూవులోంచి ఒక తీగ కొక్కెంలా వంగి ఉంటుంది. అది కీలం, ఆడ భాగం. తమాషా ఏంటంటే, మొగ్గ విచ్చకముందే మగ భాగం తన పుప్పొడిని ఈ కీలం కొనకే అంటించేస్తుంది. తేనె కోసం మూతి పెట్టిన పిట్టల తలకు ఆ పొడి అంటుకుని ఇంకో మొక్కకు చేరుతుంది.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది వేరు. సిడ్నీ ఇసుక నేలల్లో భాస్వరం బహు తక్కువ. అందుకని పై మట్టిలో సన్నటి పిల్లవేళ్ళు ఒత్తుగా గుత్తులు కడతాయి, నిమ్మరసంలో ఉండేలాంటి ఆమ్లాలు వదిలి, మట్టి పట్టుకున్న భాస్వరాన్ని విడిపించుకుంటాయి. ఇంత కరువుకు అలవాటుపడ్డ మొక్కకు ప్రేమకొద్దీ గుప్పెడు డీఏపీ, అంటే భాస్వరం ఉన్న ఎరువు, వేశామనుకోండి, ఆ భాస్వరమే విషమై ఆకులు పసుపురంగుకు తిరిగి చచ్చిపోతుంది.

దీని చుట్టం ఒకటి మనకూ తెలిసిందే. అరకు కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ ఈ కుటుంబానిదే, పుట్టిల్లూ ఆస్ట్రేలియానే. దాని వేళ్ళకూ ఇలాంటి గుత్తులుంటాయి.