అపోహలు - వాస్తవాలు: మర్చంట్ నేవీ, యుద్ధం, ఓడ వంటగదిలో ఒక రచయిత

మొన్న ఇంకో తల్లి ఫోన్ చేసింది. "మావాడు మర్చంట్ నేవీకి వెళ్తానంటున్నాడు బాబూ. నేవీయే కదా, యుద్ధం వస్తే గవర్నమెంటు చూసుకుంటుంది కదా?" కార్గో షిప్పుల్లో 22 ఏళ్లు కుక్‌గా చేసి విశాఖలో దిగాను. ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

అపోహ: మర్చంట్ నేవీ కూడా నేవీయే.

కాదమ్మా. మర్చంట్ నేవీ అంటే కంపెనీల సరుకు ఓడలు, యుద్ధ నౌకలు కావు. మాది కంపెనీ ఉద్యోగం, కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే జీతం. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 మే దాకా బ్రిటిష్ ఓడ మునిగితే నావికుడి జీతం ఆ రోజుతోనే ఆగిపోయేది. లైఫ్‌బోటులో చావుబతుకుల మధ్య ఉన్న రోజులకు పైసా రాదు. ఆ ఓడల్లో పనిచేసిన మన దేశపు కళాసీలు సుమారు 6,600 మంది చనిపోయారు. తెల్లవాళ్లకిచ్చే జీతంలో వాళ్లకు దక్కింది కొద్ది భాగమే. అమెరికాలో 1944లో సైనికుల చదువుకూ ఇంటికీ సాయం చేసే చట్టం వచ్చింది. మర్చంట్ నావికులకు అందులో చోటు లేదు. వాళ్లను మాజీ సైనికులుగా గుర్తించేసరికి 1988 అయింది. అప్పటికి ఎంతమంది బతికున్నారు?

అపోహ: ఆ రోజుల్లో యుద్ధానికి భయపడ్డవాళ్లే మర్చంట్ ఓడెక్కారు.

అమెరికా నల్లజాతి రచయిత రాల్ఫ్ ఎలిసన్ 1943లో మర్చంట్ ఓడెక్కాడు. నల్లవాళ్లను వేరుగా పెట్టే ఆర్మీలో పనిచేయడం ఇష్టంలేక. జర్మన్ సబ్‌మెరైన్లు కాచుకున్న అట్లాంటిక్ దాటడం భయస్తుల పనా?

అపోహ: వంటగదిలో తీరుబడి, రాసుకోవచ్చు.

ఎలిసన్ కూడా వంటవాడే, రొట్టెలు కాల్చేవాడు. ఓడ అటూ ఇటూ ఊగే రోలింగ్‌లో రొట్టె కాల్చడమంటే ఏమిటో నాకు తెలుసు. ఒకసారి ఫ్రాన్స్ పక్కనున్న బిస్కే అఖాతంలో ఓవెన్ తలుపు తెరుచుకుని ట్రే నా మీద పడింది, మోచేతి దగ్గర మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి కూడా క్రూకి భోజనం పెట్టాను. అలాంటి డ్యూటీ అయ్యాక కన్ను తెరిచి ఉంచడమే కష్టం. ఎలిసన్ తన పేరుపొందిన నవల 'ఇన్విజిబుల్ మ్యాన్' మొదలుపెట్టింది 1945లో, సిక్ లీవులో అమెరికాలోని వెర్మాంట్ పల్లెలో ఉన్నప్పుడు. అచ్చయింది 1952లో.

ఆ తల్లికి ఇదంతా చెప్పలేదు, అప్పటికే టెన్షన్‌లో ఉంది. ఓడ ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లైసెన్సు ఉందో లేదో చూడమన్నాను. యుద్ధ ప్రాంతానికి పంపితే ఏమిస్తారో, వాడికేమైనా అయితే ఇంటికి ఎంత వస్తుందో కాంట్రాక్టులో చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టించమన్నాను. "ఆగు బాబూ, రాసుకుంటాను" అని పెన్ను కోసం లేచింది.