కాకిని రాయకపోతే పాలపిట్ట లెక్క తేలదు

ఎవరైనా తాము చూసిన పక్షులను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్. శ్రీకాకుళం జిల్లా నుంచి దానికి వచ్చే పక్షుల లిస్టులను సరిచూసే వలంటీర్లలో నేనొకణ్ని. కొత్తగా చేరినవాళ్లు ఎప్పుడూ అనే మాట ఒకటుంది: “ఈరోజు కాకులు, గోరింకలు తప్ప ఏమీ కనబడలేదు సార్, అందుకే పంపలేదు.”

అపోహ: అరుదైన పక్షి కనిపిస్తేనే రాయాలి.

వాస్తవం: ఈ నమ్మకం వల్ల పోయినంత సమాచారం ఇంక దేనివల్లా పోవడం లేదు. మా జిల్లాలో వలస పక్షులు దిగే తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగగానే ఫొటోలతో సహా లిస్టులు వచ్చిపడతాయి. చుట్టుపక్కల పొలాల సంగతి ఎవరూ రాయరు. లిస్టు పంపేముందు ఈబర్డ్ యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా? నిజాయతీగా ‘అవును’ అన్న లిస్టుకే అసలు విలువ. అందులో పాలపిట్ట లేదంటే, అక్కడ పావుగంట చూసినా అది కనబడలేదని అర్థం. బడిలో హాజరు లాంటిదే ఇది, అందరి పేర్లూ పిలిస్తేనే రానివాళ్లెవరో తెలుస్తుంది. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక 942 జాతుల స్థితిని చూసింది ఇలాంటి లిస్టులతోనే. దసరాకు మనం వెతుక్కునే పాలపిట్ట బాగా తగ్గిందనీ, నెమలి, కోకిల పెరిగాయనీ అలాగే తేలింది.

తేలుకుంచి నుంచి వచ్చే ఒకమ్మాయి ఇది విని, “మా ఇంటి చింతచెట్టు మీద నత్తగుల్ల కొంగలు ఏటా గూళ్లు కడతాయి సార్, రోజూ చూసేవే కదా అని ఒక్కసారీ రాయలేదు” అంది. అవి ఏ వానకు వస్తాయో, పిల్లలు ఎప్పుడు ఎగురుతాయో వాళ్ల మామ్మకు కంఠతా వచ్చట. అదంతా రాయమ్మా అన్నాను, మామ్మ పక్కన కూర్చుని మరీ రాయమన్నాను.

అపోహ: తప్పు రాస్తే పరువు పోతుంది.

వాస్తవం: పోదు. ఆ ప్రాంతానికి, ఆ నెలకు మామూలుగా ఉండే సంఖ్య దాటితే ఫిల్టర్ పట్టుకుంటుంది. అప్పుడు మేం ముక్కు ఎలా ఉంది, ఎంత దూరం నుంచి చూశారు అని మెయిల్‌లో అడుగుతాం. అంతమాత్రానికే టెన్షన్ పడి రాయడం మానేసినవాళ్లున్నారు, దయచేసి మానకండి. జాతి తేలకపోతే ‘ఏదో కొంగ’ అని వదిలేసే వీలూ ఉంది.

ఫొటో లేకపోయినా లిస్టు చెల్లుతుంది. వేట ముప్పు ఉన్న జాతుల కచ్చితమైన చోటును ఈబర్డ్ బయటికి చూపించదు, మీరూ వివరాల్లో గూడున్న చెట్టు ఆనవాలు రాయకండి.

ఇక డేటా అంతా అమెరికావాళ్లు దాచుకుంటారనే వాట్సాప్ మాట. 2002లో ఈబర్డ్‌ను అక్కడి కార్నెల్, ఆడుబాన్ సంస్థలు మొదలుపెట్టిన మాట నిజమే. కానీ మీ లిస్టులు మీరు ఎప్పుడైనా దించుకోవచ్చు. జిల్లా మొత్తం డేటా కావాలన్నా ఎందుకో రాసి అడిగితే ఉచితంగా ఇస్తారు. మా ఎమ్మెస్సీ పిల్లలు ప్రాజెక్టులకు అలాగే తెచ్చుకుంటున్నారు.