గడువు తీరిన చిరునామా

సుంకేసుల దగ్గర కర్నూలు-కడప కాలువకు నీళ్లు వదలక ముందే గట్టు వెంట నడిచి బలహీనమైన చోట్లు చూసుకోవచ్చు. లేదా నీళ్లు వదిలాక, గండి పడిన చోటికల్లా పరుగెత్తవచ్చు. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికీ ఈ రెండు దారులే ఉన్నాయి. ప్రోగ్రామును నడపకుండా, రాసిన కోడును చదివే లోపాలు పట్టుకోవడాన్ని స్థిర విశ్లేషణ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌కు ఇది చాలా అవసరం.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లినక్స్ కెర్నెలే. ప్రాసెసర్‌లోని అనేక కోర్లు, అంటే లెక్కలు చేసే విభాగాలు, ఒకే మెమరీ మీద ఒకేసారి పనిచేస్తుంటాయి. పాయింటర్ అంటే మెమరీలో సమాచారం ఉన్న చోటి చిరునామా. ‘పాయింటర్ సున్నా కాకపోతే, అక్కడున్న విలువ తీసుకో’ అనే చిన్న కోడునే చూడండి. కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దీన్ని పాయింటర్‌ను రెండుసార్లు చదివేలా మార్చవచ్చు. మొదటిసారి చదివినప్పుడు చిరునామా ఉంది. రెండోసారి చదివేలోగా మరో కోర్ అక్కడ సున్నా రాసింది. కెర్నెల్ కుప్పకూలుతుంది. లక్షసార్లు పరీక్షించినా ఆ క్షణం ఎదురుపడకపోవచ్చు.

పంచుకున్న సమాచారాన్ని కోర్లు ప్రమాదం లేకుండా చదవడానికి ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) అనే పద్ధతి 2002లో లినక్స్‌లోకి వచ్చింది. దీని వెనుక కంప్యూటర్ నిపుణుడు పాల్ మెకెన్నీ కృషి ఎంతో ఉంది. ఇందులో చదివే కోర్ ఎవరికోసమూ ఆగదు. తొలగించే కోర్ మాత్రం, అప్పటికే చదువుతున్నవారంతా ముగించేదాకా ఆగి, ఆ తర్వాతే మెమరీని విడుదల చేయాలి. ఇలాంటి పాయింటర్లకు కోడులోనే ఒక గుర్తు పెట్టడం 2010లో మొదలైంది. గుర్తున్న పాయింటర్‌ను నేరుగా వాడితే, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2003లో ప్రారంభించిన స్పార్స్ అనే సాధనం హెచ్చరిస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. నిర్దేశించిన పద్ధతిలో పాయింటర్‌ను చదివి మరో చరరాశిలో పెట్టుకోగానే ఆ గుర్తు రాలిపోతుంది. చదవడం ముగిసిందని ప్రకటించి, నాలుగు వరుసల కింద అదే చిరునామాను మళ్లీ వాడితే స్పార్స్ నోరు మెదపదు. అప్పటికి ఆ మెమరీ మరో పనికి కేటాయించి ఉండవచ్చు. దాడి చేసేవారు కాచుకుని కూర్చునేది ఇలాంటి లోపాల కోసమే.

కాబట్టి చిరునామాతో పాటు అది ఎప్పటిదాకా చెల్లుతుందనే గడువు కూడా ప్రయాణించాలని నా గట్టి నమ్మకం. ఏ సమాచారాన్ని ఏ తాళం (ఒకరు వాడుతుండగా మిగతావారిని ఆపే ‘లాక్’) కాపాడుతుందో కోడులోనే రాసి, కంపైలర్ చేతే తనిఖీ చేయించే వీలు క్లాంగ్ అనే కంపైలర్‌లో ఉంది. పాయింటర్ల గడువుకూ ఇదే పట్టుదల కావాలి. అయితే తాళం ఒక ఫంక్షన్‌లో వేసి, పాయింటర్‌ను ఇంకోదానికి అప్పగిస్తే లెక్క జటిలమవుతుంది. ఏ సాధనమూ అన్ని ప్రోగ్రాముల నడవడికనూ తప్పులేకుండా తేల్చలేదని గణిత శాస్త్రవేత్త హెన్రీ రైస్ 1953లోనే చూపించారు. ఉత్తుత్తి హెచ్చరికలు ఎక్కువైతే ప్రోగ్రామర్లు నిజమైన వాటినీ పక్కన పెట్టేస్తారు. ఆ గోల తగ్గించడమే నేటి పరిశోధకుల ముందున్న పెద్ద పని.

అనంతపురం జేఎన్‌టీయూలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదివే విద్యార్థికి ఈ రంగంలో అడుగుపెట్టడానికి ప్రత్యేక ప్రయోగశాల అక్కర్లేదు. లినక్స్ కోడు, స్పార్స్ రెండూ ఉచితం. ఏదో ఒక డ్రైవర్‌ను (పరికరాన్ని నడిపే కెర్నెల్ భాగాన్ని) ఎంచుకుని, కోడును కంపైల్ చేయించే ‘మేక్’ (make) ఆదేశానికి ‘సి=2’ (C=2) చేర్చి నడిపితే హెచ్చరికలు వరుస కడతాయి. వాటిలో ఏది కేవలం గుర్తు మరిచిపోయినది, ఏది నిజమైన ప్రమాదమో కోడు చదివి తేల్చుకోవాలి.