ఏటి పక్క ఊటలో ఎవరుంటారు?

పిల్లలూ,

ఏటి ఒడ్డున రాళ్ల సందులోంచి ఊట ఒకటి పుట్టి, నాలుగడుగులు పారి ఏట్లో కలిసిపోతుంది. మడమ మునిగేంత నీళ్లు కూడా ఉండవు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ అందులో బతికే చిన్న జీవుల్లో కొన్నిటికి పక్కనున్న ఏరు పరాయి దేశమే.

ఏటి నీరు ఎండకు వేడెక్కుతుంది, వానకు బురదెక్కుతుంది. ఊట నీరు నేల లోపల చాలాకాలం ఉండి వస్తుంది. అందుకే దాని వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, ఆ చోటి గాలికి ఉండే ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. అదే నీరు వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా తగిలేది ఇందుకే. అయితే కొన్ని ఊటలు ఏటి నీరే. ఎగువన గులకరాళ్లలోకి ఇంకి దిగువన పైకి వస్తుంది. ఆ దారి చిన్నదైతే దాని వేడి కాలాన్ని బట్టి కాస్త మారుతుంది.

మరి అక్కడ తిండెక్కడిది? చెట్ల నీడలో నాచు పెద్దగా పెరగదు. రాలిన ఆకులే ఆధారం. 1950లలో జాన్ టీల్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని మసాచుసెట్స్‌లో, అడ్డంగా రెండు మీటర్లుండే రూట్ స్ప్రింగ్ అనే ఊటలో ఈ లెక్క కట్టాడు. అందులోకి చేరే శక్తిలో నూటికి 76 పాళ్లు పైనుంచి రాలిన ఆకులు, పుల్లలు, కాయలదే! అంత చిన్న నీటిగుంట మీద అంత ఓపిక పెట్టడం నాకు భలే నచ్చుతుంది.

ఆకు పడగానే ఎవరూ తినరు. ముందు శిలీంధ్రాలు, బ్యాక్టీరియా దాన్ని మెత్తబరచాలి. అప్పుడు గామరస్ వస్తుంది. రొయ్యకు దూరపు చుట్టం, పక్కకు ఒరిగి ఈదుతుంది. అది ఆకును కొరికి తుంపులు చేస్తే, ఆ తుంపులు ఇంకా చిన్నవాటికి తిండి. కాడిస్‌ఫ్లై అనే రెక్కల పురుగుకు పుట్టే పిల్ల పురుగులు నీళ్లలో పెరుగుతాయి, వాటిలో చాలావాటికి సొంత గూడుంటుంది. నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఇసుక రేణువుల్నో ఆకుముక్కల్నో అతికించి కట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతాయి. రాయి అడుగున మెత్తగా జారేది ప్లనేరియా అనే బల్లపరుపు పురుగు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ వేటగత్తె.

ఊట నోటి దగ్గర ఇంకో వింత కనబడవచ్చు: గామరస్‌కు చుట్టమే అయిన, రంగూ కళ్లూ లేని నిఫార్గస్. యూరప్‌లో భూగర్భజలాల్లో ఉండే ఈ జీవి ఒక్కోసారి నీటితోపాటు బయటికి కొట్టుకొస్తుంది. లోపలి నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉండవచ్చు. పారుతున్నకొద్దీ గాలి నుంచి అందుకుంటుంది. అందుకే ఊట నోటి దగ్గరా, కొద్ది దూరం దిగువనా దొరికే జీవులు ఒకటి కావు.

వరద వస్తే ఏరు ఊటను కప్పేస్తుంది. బురద రాళ్ల సందుల్ని పూడ్చేస్తుంది, చేపలు లోపలికొచ్చి దొరికినవాటిని మింగుతాయి. కొన్ని జీవులు గులకరాళ్ల లోతుకు దిగి దాక్కుంటాయి. వరద తీశాక ఊట లోపలినుంచి తోస్తూ ఆ బురదను మెల్లగా కడుక్కుంటుంది. కానీ బోర్లు నీటిమట్టాన్ని దింపేసి ఊట ఎండిపోతే కోలుకోవడం కష్టం. ఉత్తర అమెరికా పడమటి ఎడారుల్లో ఒకే ఒక్క ఊటలో తప్ప మరెక్కడా లేని నత్తలున్నాయి. ఆ ఊట పోతే వాటికి వేరే ఇల్లు లేదు.

చూడాలనుంటే పెద్దవాళ్లతోనే వెళ్లండి. తెల్ల పళ్లెంలో కాసిన్ని ఊటనీళ్లు పోసి, నానిన ఆకు ఒకటి వేసి, కదలకుండా ఉండండి. భూతద్దం ఉంటే మంచిదే. ఎత్తిన రాయిని దాని అడుగు వైపు కిందికే ఉండేలా మళ్లీ పెట్టండి. కాడిస్ పురుగును మాత్రం గూట్లోంచి లాగకండి.

మీ తాతయ్య